సాంచాల నడుమ సాఫ్ట్‌వేర్

సూరత్ మరమగ్గాల కార్ఖానాలు డిజిటల్ బాట పడుతున్నాయి. యంత్రాలు కొనడం తేలికే. వాటిని నడిపించే జట్టును కూర్చుకోవడమే కష్టం. ఆ జట్టులో మగ్గం నడిపే తెలుగువాడికి చోటుందా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

సూరత్‌లోని నవాగామ్ పేరు మన దగ్గర చాలామంది విని ఉండరు. పాత వరంగల్, నల్గొండ, కరీంనగర్ జిల్లాల పద్మశాలి కుటుంబాలకు మాత్రం దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్‌లో ఎక్కి సూరత్‌లో దిగి, అక్కడి నుంచి లింబాయత్, నవాగామ్, డిండోలి బస్తీలకు చేరిన బంధువు ఆ ఇళ్లలో ఒకరైనా ఉంటారు. చేమగ్గం కూడు పెట్టక ఊరు విడిచినవారు ఇక్కడి మరమగ్గాల మీద తరాలుగా బతుకుతున్నారు. సూరత్ మునిసిపల్ పాఠశాలల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఈ వలస ఎంత పాతుకుపోయిందో అర్థమవుతుంది. సిరిసిల్లలోలాగే ఇక్కడి పెద్దవాళ్ల నోట మరమగ్గం ఇప్పటికీ 'సాంచా'యే.

ఇప్పుడు ఆ సాంచాల మధ్యకు కంప్యూటర్ వచ్చి కూర్చుంటోంది. ఒక్కసారిగా కాదు, నాలుగు వైపుల నుంచి వస్తోంది. మొదటిది లెక్కల గది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేదాకా వస్త్ర వ్యాపారంలో చాలా భాగం చిట్టా పద్దుల మీద, నోటి మాట మీద నడిచింది. పన్నును వ్యతిరేకిస్తూ సూరత్ వస్త్ర వ్యాపారులు ఆ జులైలో రెండు వారాలకు పైగా దుకాణాలు మూసేశారు. పన్ను ఆగలేదు. కృత్రిమ నూలుపై 18 శాతం, బట్టపై 5 శాతం ఉన్న పన్ను తేడాతో మొదలైన తలనొప్పి ఆ ఏడాది అక్టోబర్‌లో నూలు పన్నును 12 శాతానికి, మళ్లీ 2025 సెప్టెంబర్‌లో 5 శాతానికి తగ్గించాక గానీ సర్దుకోలేదు. ఈలోగా ఇ-ఇన్‌వాయిస్ పరిమితి దిగుతూ వచ్చింది. 2020 అక్టోబర్‌లో రూ. 500 కోట్ల టర్నోవర్ ఉన్నవారికే వర్తించిన నిబంధన 2023 ఆగస్టు నాటికి రూ. 5 కోట్ల వాళ్లదాకా వచ్చేసింది. చిన్న తయారీదారుకు 45 రోజుల్లో బాకీ చెల్లించకపోతే కొన్నవారు దాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు లేకుండా చేసిన ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్‌లో వచ్చింది. సరుకు ఏ రోజు పంపామో, డబ్బు ఏ రోజు రావాలో కంప్యూటర్‌లో లేని కార్ఖానాదారు దీంతో దిక్కులు చూడాల్సిందే.

రెండోది డిజైన్. అట్టలకు కన్నాలు కొట్టి జకార్డుకు ఎక్కించే పని కంప్యూటర్ తెరమీదకు మారింది. మూడోది అమ్మకం. రింగ్ రోడ్డు మార్కెట్లలో గుమాస్తా తాను విప్పి పరచి చూపిన చీర ఇప్పుడు వాట్సప్ ఫోటోగా దేశమంతా తిరుగుతోంది. నాలుగోదే అసలు సంగతి. మగ్గానికే మీటర్ బిగించి, ఎన్ని పోగులు పడ్డాయి, ఎంతసేపు ఆగింది అని క్షణక్షణం లెక్క తీసే ఏర్పాటు. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

పెద్ద సంస్థలకే చుక్కలు

ఇలాంటి మార్పు తలపెట్టిన సంస్థల్లో గట్టెక్కేవి తక్కువని ప్రపంచమంతా అనుభవం చెబుతోంది. కన్సల్టెన్సీ సంస్థ మెకిన్సీ 2018లో ప్రకటించిన సర్వేలో తమ డిజిటల్ మార్పు పనితీరును మెరుగుపరిచిందని, ఆ మెరుగును నిలబెట్టుకునే శక్తి కూడా వచ్చిందని చెప్పినవారు 16 శాతమే. టెక్నాలజీ, మీడియా, టెలికాం వంటి రంగాల్లో కూడా విజయం 26 శాతం దాటలేదు. చమురు, వాహనాలు, ఔషధాల వంటి పాత పరిశ్రమల్లో అది 4 నుంచి 11 శాతం మధ్య కొట్టుమిట్టాడింది. కన్సల్టెన్సీలకు ఇలాంటి లెక్కలు చెప్పి భయపెట్టడం వ్యాపారంలో భాగమేనన్న అనుమానం ఉంచుకుని చదివినా, అంకెలు మరీ చిన్నవి.

డబ్బు లేక దెబ్బతిన్నారనడానికీ లేదు. అమెరికా చాక్లెట్ దిగ్గజం హెర్షీ 11 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి 1999 జులైలో మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్లను ఒక్కసారే మొదలుపెట్టింది. నాలుగేళ్ల పనిని రెండున్నరేళ్లకు కుదించింది. ముహూర్తం ఎంచుకున్నది చాక్లెట్లు విపరీతంగా అమ్ముడయ్యే హాలోవీన్ పండుగకు ముందు. గోదాముల్లో సరుకు ఉంది, దుకాణాల నుంచి ఆర్డర్లూ ఉన్నాయి. కానీ దాదాపు 10 కోట్ల డాలర్ల సరుకును పంపలేకపోయింది. దీపావళికి వారం ముందు కొత్త బిల్లింగ్ మొదలుపెట్టే వ్యాపారిని సూరత్‌లో ఎవరైనా నవ్వుతారు. అంత పెద్ద సంస్థలో ఆ మాట అనగలిగినవాడు నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర లేకపోయాడో, ఉన్నా అతని మాట చెల్లలేదో!

జనరల్ ఎలక్ట్రిక్‌ది ఇంకో కథ. 2015లో 'జీఈ డిజిటల్' అని ప్రత్యేక విభాగమే పెట్టి, యంత్రాల సమాచారమంతా ఒక్క వేదిక మీదకు తెస్తామంది. సిలికాన్ వ్యాలీ నుంచి మేధావులను తెచ్చుకుంది. రెండు మూడేళ్లు తిరక్కుండానే దూకుడు తగ్గించుకోక తప్పలేదు. టర్బైన్ తయారుచేసేవాళ్లు ఒక చోట, దాని డిజిటల్ భవిష్యత్తు రాసేవాళ్లు మరో చోట ఉంటే ఏమవుతుందో చెప్పడానికి మేనేజ్‌మెంట్ తరగతుల్లో ఇప్పుడు దాన్నే ఉదాహరణగా చూపిస్తున్నారు.

మీటరుకు తెలియనిది

నవాగామ్ పరిసరాల్లో నడిచేలాంటి మామూలు మరమగ్గాన్నే తీసుకుందాం. నిమిషానికి 150 పోగులు పడతాయనుకుంటే, అంగుళానికి 60 పోగుల బట్ట నిమిషానికి రెండున్నర అంగుళాలు నేస్తుంది. గంటకు 3.8 మీటర్లు. పన్నెండు గంటల షిఫ్టులో ఒక్క క్షణం ఆగకుండా నడిస్తే 45 మీటర్లకు పైమాటే. అలా ఏ మగ్గమూ నడవదు. నాలుగింట మూడొంతుల సమయం నడిస్తే 34 మీటర్లు వస్తాయి. మిగిలిన 11 మీటర్లు ఎక్కడికి పోయాయి?

కొత్తగా బిగించిన మీటర్ 'మగ్గం మూడు గంటలు ఆగింది' అని చెబుతుంది. ఎందుకు ఆగిందో దానికి తెలియదు. నూలు నాసిరకమై పదేపదే తెగిందా? బీమ్ అయిపోయి కొత్తది ఎక్కించేందుకు మనిషి దొరకలేదా? కరెంటు పోయిందా? పక్క మగ్గంలో పోగులు తెగితే అతికించడానికి కార్మికుడు అటు వెళ్లాడా? ఈ జవాబు తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆ మగ్గం నడిపేవాడు, రెండోవాడు మగ్గాలు మరమ్మతు చేసే మాస్టర్. యజమాని తెచ్చుకునే డిజిటల్ జట్టులో సాధారణంగా కనిపించనివాళ్లూ ఈ ఇద్దరే.

అక్కడ కనిపించేదెవరంటే, విదేశాల్లో కాకపోయినా ముంబయిలోనో అహ్మదాబాద్‌లోనో చదివొచ్చిన యజమాని కొడుకు, సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ మనిషి, సరుకు లెక్కలు రాసే మెహతాజీ. వీరిలో మెహతాజీ మనసులో గుబులు వేరు. ఎవరికి ఎంత బాకీ, ఏ దళారి మాట నమ్మొచ్చు అన్నదంతా దశాబ్దాలుగా తన తలలో ఉంది. అదే తన ఉద్యోగానికి భరోసా. ఆ తలలోదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించమని అతన్నే అడుగుతున్నారు. మనసు పెట్టి ఎక్కిస్తాడని ఎలా అనుకోవాలి? 'నీ పని పోదు, నీ పని మారుతుంది' అని యజమాని ముందే, నలుగురిలో, స్పష్టంగా చెప్పకపోతే రెండు రకాల పద్దులు నడుస్తాయి. కంప్యూటర్‌లో ఒకటి, ఎర్ర గుడ్డ అట్ట పుస్తకంలో ఒకటి. నిజం రెండోదాంట్లో ఉంటుంది.

కార్మికుడి భయం ఇంకా సూటిగా ఉంటుంది. అతనికి జీతం లేదు, మీటరుకింత అని కూలీ. మగ్గం ఎంతసేపు ఆగిందో ఎప్పటికప్పుడు పైకి తెలిసిపోతే రేపు రేటు తగ్గిస్తారనో, ఇంకో రెండు మగ్గాలు అంటగడతారనో అనుకుంటాడు. ఆ అనుమానం నిరాధారమని ఎవరూ అనలేరు. అలాంటప్పుడు సెన్సర్ తీగ 'దానంతటదే' ఊడిపోతుంది. 'ఆగడానికి కారణం' మీట నొక్కమంటే వేలికి ఏది దగ్గరుంటే అది నొక్కుతాడు. నెలాఖరుకు తెరమీద రంగురంగుల గ్రాఫులు వస్తాయి. వాటిలో ఒక్కటీ నిజం కాదు.

కనుక జట్టు విషయంలో నిపుణులు చెప్పే వాటిలో ఒకటి ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. కొత్త పద్ధతికీ పాత పనికీ మధ్య దుబాసీలాంటి మనిషి కావాలి. పైన చెప్పిన మెకిన్సీ సర్వే కూడా రెండింటినీ కలిపే బాధ్యత ప్రత్యేకంగా కొందరికి అప్పగించిన సంస్థలే ఎక్కువగా నెగ్గాయని తేల్చింది. సూరత్‌లో ఆ దుబాసీ కోసం బెంగళూరు వెళ్లనక్కర్లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో గుజరాతీ మాట్లాడుతూ, నాన్న షిఫ్టుకు అన్నం క్యారియర్ మోస్తూ పెరిగి, తర్వాత డిప్లొమానో బీకామో చదివిన పిల్లలు ఈ బస్తీల్లో ఉన్నారు. వారికి బీమ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, ఎక్సెల్ అంటే ఏమిటో కూడా చెప్పక్కర్లేదు. చాలా కార్ఖానాల్లో ఇలాంటి కుర్రాడిని 'కంప్యూటర్ ఆపరేటర్' అని ఒక మూల కూర్చోబెట్టి బిల్లులు కొట్టిస్తారు. పెట్టుబడి లేకుండా చేతికొచ్చిన ఆస్తిని ఇంతకంటే తక్కువకు వాడుకోవడం కష్టం.

కార్డ్ నేర్పిన పాఠం

జట్టును లోపలి నుంచే తయారు చేసుకోవడమెలాగో మనవాళ్లకు తెలియనిదేం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ చేపట్టిన 'కార్డ్' ఇందుకు మంచి ఉదాహరణ. అది కంపెనీ కాదు, రిజిస్ట్రేషన్ల శాఖ. పాత దస్తావేజుల మూటలు, ఈసీ కోసం రోజుల తరబడి తిరగడం, లెక్కకు అందని విలువ కట్టడం అంటే ఏమిటో ఇల్లు కొన్న ప్రతివారికీ తెలుసు. 1998 నవంబర్‌లో 200కు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలు ఒక్కసారే కంప్యూటర్ మీదకు మారాయి. దస్తావేజు గంటలో, ఈసీ నిమిషాల్లో చేతికి రావడం జనానికి వింతగా తోచింది. కంప్యూటర్ ముట్టుకోని శాఖ ఉద్యోగులకే శిక్షణ ఇచ్చి, వారి చేతే కార్యాలయాన్ని నడిపించడం దీని ప్రత్యేకత.

అయితే కథ అక్కడ ముగిసిపోలేదు. 2004లో 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో పరిశోధకుడు జొనాథన్ కేస్లీ రాసిన వ్యాసం తెర వెనక్కి తొంగిచూసింది. కౌంటర్ మీద కంప్యూటర్ వచ్చినా, జనం నేరుగా కౌంటర్‌కు రావడం లేదని, దస్తావేజు లేఖరుల ద్వారానే వస్తున్నారని, మామూళ్లు కూడా ఆ దారిలోనే సాగుతున్నాయని ఆయన తేల్చారు. శాఖ జట్టులో గుమాస్తా నుంచి అధికారి దాకా ఉన్నారు. కానీ ఆ వ్యవస్థను నిజంగా కదిలించే దస్తావేజు లేఖరి జట్టు బయటే ఉండిపోయాడు. ఆయన్ని కలుపుకోలేదు, అక్కర్లేకుండానూ చేయలేదు. సూరత్‌లో ఆ స్థానంలో ఉన్నది దళారి. నూలు తెచ్చేదీ, గ్రే బట్ట అమ్మిపెట్టేదీ, బాకీకి పూచీ పడేదీ అతనే. అతన్ని లెక్కలో వేసుకోకుండా అమ్మకాల సాఫ్ట్‌వేర్ పెట్టినవారు ఈ అనుభవాన్ని ఓసారి చూడాలి.

దళారులను, ఏజెంట్లను ఎలా కలుపుకోవాలో చూపింది ముగ్గురు తెలుగు కుర్రాళ్లు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికెళ్లేందుకు బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామ, తన బిట్స్ పిలానీ మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్ ప్రారంభించిన సంగతి తెలిసిందే. అంతగా తెలియని సంగతి ఇంకోటుంది. వాళ్లు మొదట తయారుచేసింది బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్. యజమానులు దానివైపు తిరిగి చూడలేదు. చార్టు కాగితం మీద పెన్సిలుతో సీట్లు నింపుకునే వ్యాపారానికి అదెందుకు? దాంతో ఈ ఇంజనీర్లు తామే టికెట్లు అమ్మే ఏజెంట్లయ్యారు. ఆపరేటర్ల దగ్గర కొన్ని సీట్లు అడుక్కుని అమ్మిపెట్టారు. వ్యాపారం ఎలా నడుస్తుందో అందులో దిగి నేర్చుకున్నాక, నమ్మకం కుదిరాక, ఆపరేటర్లు వాడే సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరమీదకు వచ్చింది. ఈసారి తీసుకున్నారు. 2013లో ఆ సంస్థను ఐబిబో గ్రూపు కొనుక్కుంది. 2018లో ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసర్ అయ్యారు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు నెల రోజులు రాత్రి షిఫ్టులో మగ్గాల మధ్య నిలబడితే చాలు, సగం సమస్యలు వాటంతటవే బయటపడతాయి. అంత ఓపిక ఉన్న అమ్మకందారు మాత్రం అరుదు.

చదువు ఆరో తరగతి

నేత కార్మికుడికి ఈ డిజిటల్ గొడవ అర్థం కాదన్నది యజమానులు, ఇంజనీర్లు తరచూ అనే మాట. చరిత్ర అలా చెప్పడం లేదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జకార్డ్ తన మగ్గానికి తగిలించిన కన్నాల అట్టలే ఆ తర్వాత బాబేజ్ యంత్రానికి, 1890 అమెరికా జనాభా లెక్కల యంత్రానికి దారి చూపాయి. కన్నం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఒకటి, సున్నా. 1983లో మిలన్ ప్రదర్శనలో బోనాస్ కంపెనీ ఎలక్ట్రానిక్ జకార్డ్‌ను చూపినప్పుడు కంప్యూటర్ తన పుట్టింటికి తిరిగొచ్చినట్టే.

అంత దూరం వెళ్లడమెందుకు? ఆలేరు దగ్గరి శారాజిపేటలో ఆరో తరగతితో చదువు ఆపేసిన చింతకింది మల్లేశం ఉన్నారు కదా! పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి తల్లి లక్ష్మి చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడించడం చూడలేక, 1992 నుంచి 1999 దాకా ఏడేళ్లు కుస్తీ పట్టి ఆసు యంత్రం చేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. ఆ తర్వాత ఆయనే దానికి మైక్రోకంట్రోలర్ జోడించారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నేత పని తెలిసినవాడికి ఎలక్ట్రానిక్స్ నేర్పడం, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడికి నేత నేర్పడం కన్నా తేలికేమోనని ఆయన కథ చూస్తే అనిపిస్తుంది.

సూరత్ యజమానులకు ఈ విషయంలో తొందర పడాల్సిన కారణం ఒకటుంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ఇక్కడి వలస కార్మికులు తమను సొంతూళ్లకు పంపమని రోడ్డెక్కారు. ఆ తర్వాత లక్షల మంది వెళ్లిపోయారు. ఏ మగ్గం ఏ నూలుకు మొరాయిస్తుంది, ఏ బీమ్‌కు ఎంత బిగువు పెట్టాలి అన్న పరిజ్ఞానం కూడా వాళ్లతో రైలెక్కింది. అది ఏ సర్వర్‌లోనూ లేదు. అటు తెలంగాణ కూడా పిలుస్తోంది. సూరత్, భివండీ, షోలాపూర్ వెళ్లిన నేత కార్మికులను వెనక్కి రప్పించడం ఒక లక్ష్యంగా 2017 అక్టోబర్‌లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో అదొకటైతే, సూరత్ పొరుగునున్న నవ్‌సారి మరొకటి. అనుభవమున్న చేయి కోసం రెండు చోట్లా పోటీ ఉంటుంది.

ఆ చేతిని నిలబెట్టుకోవాలంటే మీటర్ చెప్పే లెక్క కార్మికుడికీ కనబడాలి. మగ్గం మీద వెలిగే అంకె అతని భాషలో ఉండాలి. నాసి నూలు వల్ల ఆగిన గంట అతని ఖాతాలో పడకూడదు. పొదుపైన మీటర్లలో అతనికీ వాటా ఉందని కాగితం మీద రాసివ్వాలి. ఇవన్నీ సాఫ్ట్‌వేర్ కొనకముందే తేలాల్సినవి. తేల్చగలిగేది యజమానే తప్ప, ఆయన నియమించిన ఏ డిజిటల్ అధికారీ కాదు. కొడుక్కి బాధ్యత అప్పగించి, చెక్కుల మీద సంతకం తన దగ్గరే ఉంచుకునే పెద్దాయన ఉన్నచోట జట్టు ఎంత గొప్పదైనా ముందుకు కదలదు.

చివరికి చిన్న చిక్కు ఒకటి మిగులుతుంది. చిన్నదే గానీ దీని దగ్గరే చాలా జట్లు ఆగిపోతాయి. కార్మికుణ్ని సమావేశానికి పిలవాలి. ఎప్పుడు? షిఫ్టు మధ్యలో పిలిస్తే అతని మగ్గాలు ఆగుతాయి. పన్నెండు గంటలు నిలబడ్డాక పిలిస్తే అతను నిద్రలో తల ఊపుతాడు. ఎనిమిది మగ్గాలు చూసుకునే మనిషి గంటసేపు బల్ల దగ్గర కూర్చుంటే, పై లెక్క ప్రకారమే, 23 మీటర్ల కూలీ పోగొట్టుకుంటాడు. వారానికో సమావేశం అంటే నెలకు 90 మీటర్ల పైచిలుకు. ఆ కూలీ ఏ పద్దు కింద రాయాలో ఇప్పుడు అమ్ముడవుతున్న సాఫ్ట్‌వేర్లలో వెతకడం దండగ. మెహతాజీనే అడగాలి.